రిసెప్షన్‌కి డీజేనా, ఆర్కెస్ట్రానా? రాత్రి పది నుంచి వెనక్కి లెక్కపెట్టి తేల్చుకోండి

పెళ్లి కుదిరి మండపం దొరకగానే ఇంట్లో కుర్రాళ్లు డీజే అంటారు, పెద్దవాళ్లు పాటల ప్రోగ్రాం అంటారు. ఎవరి పట్టు గట్టిదైతే వాళ్ల మాట నెగ్గుతుంది, తెలిసినవాళ్ల ద్వారా ఎవరికో ఒకరికి బయానా వెళ్లిపోతుంది. తీరా ఆ రోజు ఏడున్నరకే డీజే మోత మొదలైతే భోజనాల దగ్గర పక్కవాళ్ల మాట వినపడదు. కుర్రాళ్లు ఊపందుకునే తొమ్మిదిన్నరకేమో సౌండ్ కట్టేసే వేళ దగ్గరపడుతుంది. ఆర్కెస్ట్రా పెట్టినవాళ్ల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. జనమంతా ఫొటోల క్యూలోనో, బల్లల దగ్గరో ఉంటారు, పదిమంది కళాకారులు ఖాళీ కుర్చీలకి పాడతారు. డీజేనీ ఆర్కెస్ట్రానీ అని లాభం లేదు. ఏ వేళకి ఎవరు ఎక్కడుంటారో ముందు చూసుకోకపోవడం వల్లే ఇలా అవుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రిసెప్షన్లు నడిచే తీరుని బట్టి ఈ నిర్ణయం ఎలా తీసుకోవాలో, తీసుకున్నాక ఏమేం చూసుకోవాలో వరసగా చెబుతాం. ధర చివర్లో మాట్లాడుకుందాం. మొదటే ధర అడిగితే మిగతావన్నీ మర్చిపోతాం.

మొదటి పని: టైమ్ లెక్క

ఒక కాగితం మీద పైన "రాత్రి 10" అని రాసి, అక్కడి నుంచి వెనక్కి రండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు, బాక్సులే కాదు, వాయిద్యాలు కూడా మోగకూడదు. నాలుగు గోడలు మూసిన హాల్లో, ఆ హాలు వరకు వినిపించేలా పెట్టుకోవడానికి మినహాయింపు ఉంది. పైన రేకులు, పక్కలు తెరిచిన షెడ్డు మూసిన హాలు కిందకి రాదు. పండగ సందర్భాలకి ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. అది పండగలకే, మనింటి పెళ్లికి వర్తిస్తుందనుకోవద్దు.

ఇప్పుడు మన జనం కదలికలు రాయండి. కార్డులో 7 గంటలు అని ఉంటే మొదటి కుర్చీలు నిండేది ఏడున్నరకి. పెళ్లికూతురు మేకప్ అయి స్టేజీ ఎక్కేసరికి ఎనిమిది. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా రద్దీ. పల్లెల నుంచి ఆటోల్లో, వ్యాన్లలో వచ్చినవాళ్లు తొమ్మిదికల్లా చేతులు కడిగేసుకుంటారు. స్నేహితులూ దగ్గరి బంధువులూ తీరిగ్గా మిగిలేది తొమ్మిదింపావు తర్వాతే. అంటే ఆరుబయట రిసెప్షన్లో డాన్సుకి దొరికేది ముప్పావు గంట. అంతకుముందు గంటముప్పావు పలకరింపులు, ఫొటోలు, భోజనాలు. సంగీతం ఎక్కువసేపు పనిచేయాల్సింది ఈ గంటముప్పావులోనే.

ముహూర్తం ఎప్పుడన్నది కూడా ఆ కాగితం మీదే రాయండి. అదే రాత్రి ఒంటిగంటకో రెండింటికో లగ్నం అయితే తొమ్మిదిన్నరకల్లా వధూవరుల్ని పెళ్లి పనులకి వదిలెయ్యాలి. వాళ్లు లేని డాన్స్ ఫ్లోర్ పది నిమిషాల్లో చల్లబడిపోతుంది. పెళ్లయ్యాక మర్నాడు పెట్టే రిసెప్షన్‌కి ఈ ఇబ్బంది లేదు. డాన్సే ముఖ్యం అనుకునే కుటుంబాలు దాన్ని ముందురోజు సాయంత్రం సంగీత్‌కి మార్చి, రిసెప్షన్‌ని పాటలకి వదిలేస్తే రెండూ బాగుంటాయి. పల్లెల్లో మధ్యాహ్నం విందు పెట్టేవాళ్లకి పది గంటల బెంగ ఉండదు గానీ, వైశాఖంలో ఒంటిగంట ఎండకి ఎవరూ ఆడరు. ఆ విందుకి మెత్తని పాటలు చాలు.

వచ్చేవాళ్లని మూడు జట్లుగా విడదీయండి

అతిథుల జాబితా ముందు పెట్టుకుని ప్రతి పేరు పక్కన ఒక గుర్తు పెట్టండి: వచ్చి తిని వెళ్లేవాళ్లు, కూర్చుని వినేవాళ్లు, లేచి ఆడేవాళ్లు. ఉదాహరణకి 600 మందిలో 400 మంది మొదటి రకం, 130 మంది రెండో రకం, 70 మంది మూడో రకం వచ్చారనుకోండి. ఆ డెబ్బైమంది కోసం మూడు గంటల డీజే పెట్టి మిగతా 530 మంది చెవులు హోరెత్తించడంలో అర్థం లేదు. వినేవాళ్లు 100 దాటితే ఆర్కెస్ట్రాకి ఎదురుగా జనం ఉంటారు. 40 లోపైతే పెద్ద ఆర్కెస్ట్రా డబ్బు దండగ, చిన్న బృందం చాలు.

ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు పెళ్లిళ్లలో ఒడియా మాట్లాడే బంధువులు బాగా వస్తారు. వాళ్ల కోసం నాలుగైదు పాటలు కావాలంటే డీజేకి ముందే చెబితే సరిపోతుంది. ఆర్కెస్ట్రాలో ఆ పాటలు పాడగలిగిన గాయకులు ఉన్నారో లేదో మాత్రం బయానా ఇచ్చేముందే అడగాలి.

చదివింపుల మైకు సంగతి చాలామందికి గుర్తుండదు. బల్ల దగ్గర ఒకాయన పుస్తకంలో రాస్తుంటే పక్కన ఇంకొకాయన "ఫలానా ఊరు, ఫలానా వారు, వెయ్యి నూటపదహార్లు" అని చదువుతూ ఉంటే, వెనకాల పాట నడుస్తుంటే రెండూ చెడతాయి. చదివింపుల బల్లకి ఆ వరండాకి సరిపడే చిన్న బాక్సు, వేరే మైకు పెట్టించండి. ప్రధాన సౌండ్‌లో కలపొద్దు. ఊరి పద్ధతిని బట్టి అందరికీ వినపడేలా చదవాల్సిందే అంటే, పాటల మధ్య పది నిమిషాల విరామాలు ముందే రాసుకోండి. ఇది ఆర్కెస్ట్రాతో తేలిక, పాట అయ్యాక యాంకరే చదివేస్తారు.

మండపంలో చప్పట్లు కొట్టి చూడండి

ఖాళీ హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. శబ్దం వెంటనే తెగిపోతే ఏ సంగీతమైనా బాగుంటుంది. రెండు సెకన్లు దాటి గింగురుమంటూ ఉంటే అది రేకు కప్పు, టైల్స్ నేల, గాజు గోడల హాలు. అలాంటిచోట నిజం డ్రమ్స్, డోలక్, బేస్ గిటార్ అన్నీ కలిసి ముద్దైపోతాయి. అక్కడ ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ మీద వాయించే చిన్న బృందమో, తక్కువ వాల్యూమ్‌లో డీజేనో మేలు. జనం నిండితే ఆ గింగురు కొంత తగ్గుతుంది. కప్పు కింద గుడ్డ సీలింగు, గోడలకి తెరలు కట్టిస్తే ఇంకొంత తగ్గుతుంది. డెకరేషన్ వాళ్లకి ఎలాగూ డబ్బిస్తున్నారు, ఆ గుడ్డ ఎక్కడ కడితే మంచిదో మీరే చెప్పండి.

హాలు చుట్టుపక్కల కూడా నడిచి చూడండి. ఆసుపత్రికి, బడికి, కోర్టుకి వంద మీటర్లలోపు ప్రాంతాన్ని ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ పరిమితి. నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45. బహిరంగ ప్రదేశపు సరిహద్దు దగ్గర మైకు మోత ఆ ప్రాంతపు పరిమితికి పైన 10 డెసిబెల్స్, లేదా మొత్తం 75 డెసిబెల్స్, ఏది తక్కువైతే అది దాటకూడదు. మైకు వాడటానికి రాతపూర్వక అనుమతి కావాలి. దరఖాస్తు ఎవరికివ్వాలో స్థానిక పోలీసు స్టేషన్లో అడిగి, పెళ్లికార్డు, మండపం రసీదు జతచేసి కనీసం వారం ముందే ఇచ్చేయండి. డీజే బాక్సులకి, ముఖ్యంగా ఊరేగింపు డీజే బండికి, పోలీసులు ఒప్పుకోని సందర్భాలు ఎక్కువ. అనుమతి చేతికి వచ్చాకే డీజేకి మిగతా డబ్బు ఇస్తామని మాట్లాడుకోండి.

పాటల హక్కుల లైసెన్సు తెమ్మని కొన్ని హోటళ్లు అడుగుతుంటాయి. 1957 కాపీరైట్ చట్టం 52(1)(జెడ్‌ఏ) కింద మతపరమైన వేడుకల్లో పాట వినిపించడానికి మినహాయింపు ఉంది. వివాహ ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర సామాజిక వేడుకలు కూడా అందులోకే వస్తాయని ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. కేంద్రంలో పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ 2023 జులై 24న దీని మీదే ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన ప్రింటు ఒకటి దగ్గర పెట్టుకోండి.

డీజేని ఏమడగాలి

"ఎన్ని వేల వాట్స్?" అని అడిగితే నోటికొచ్చిన అంకె చెబుతారు. బాక్సుల మీద పెద్దగా కనిపించే పీఎంపీఓ (ఒక్క క్షణం మాత్రం అందే గరిష్ఠ శక్తి) అంకె ఎందుకూ పనికిరాదు. ఆర్ఎంఎస్ వాట్స్, అంటే నిలకడగా ఇచ్చే శక్తి ఎంతో అడగండి. మూసిన హాల్లో మనిషికి 5 వాట్స్, ఆరుబయట 10 వాట్స్ అన్నది పనికొచ్చే అంచనా. హాల్లో 300 మందికి 1500 వాట్స్, అంటే రెండు 15 అంగుళాల టాప్స్ (గొంతు, పాట వినిపించే పై బాక్సులు), రెండు 18 అంగుళాల బేస్ బాక్సులు. ఆరుబయట 800 మందికి 8000 వాట్స్, నాలుగు టాప్స్, నాలుగు బేస్‌లు. అంతకు మించి గోడలా పేర్చే బాక్సులు రిసెప్షన్‌కి అక్కర్లేదు.

పాటలు ఎక్కడినుంచి వేస్తారో తప్పక అడగండి. యూట్యూబ్ నుంచి వేసేవాళ్లయితే వధూవరులు నడిచి వస్తున్నప్పుడు మధ్యలో సబ్బు ప్రకటన వచ్చిపడుతుంది. పల్లెల్లో నెట్‌వర్క్ అందకపోతే అదీ ఉండదు. పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉండాలి, అవే ఇంకో పెన్‌డ్రైవ్‌లోనూ ఉండాలి. ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఫోన్ నుంచి వేయడానికి ఒక వైరు ముందే మిక్సర్‌కి (మైకుల, పాటల శబ్దాలన్నీ కలిపే పరికరానికి) తగిలించి ఉంచమనండి.

బేస్ బాక్సులకి విడిగా వాల్యూమ్ ఉందా అన్నది మరో ప్రశ్న. భోజనాల వేళ బేస్ పూర్తిగా తగ్గించి టాప్స్ మాత్రమే నడిపితే అదే డీజే వినసొంపుగా ఉంటాడు. ఊళ్లో గొడవలు ఎక్కువగా బేస్ వల్లే వస్తాయి, అది గోడలు దాటి పోతుంది.

ఆర్కెస్ట్రాని ఏమడగాలి

ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. "ఆర్కెస్ట్రా" అన్న ఒక్క పేరు కింద మూడు రకాల బృందాలు వస్తాయి. కీబోర్డు, రిథమ్ ప్యాడ్స్, లీడ్ గిటార్, బేస్ గిటార్, తబలా, డోలక్, నలుగురు గాయకులు, యాంకర్‌తో పూర్తి బృందం ఒకటి. కీబోర్డు, ప్యాడ్స్, ఇద్దరు గాయకుల చిన్న బృందం ఇంకొకటి. మూడోది గొంతు తీసేసిన ట్రాక్ వేసుకుని దాని మీద పాడేవాళ్లు. స్టేజీ మీద గిటార్ పట్టుకుని ఒకరు నిలబడినా వాయిద్యమంతా ట్రాక్‌లోంచే రావచ్చు. ట్రాక్ మీద పాడటం తప్పేమీ కాదు, చవకగా, శుభ్రంగా ఉంటుంది. పూర్తి బృందం ధర తీసుకుని ట్రాక్ వేస్తేనే తప్పు. "ఎంతమంది వాయిస్తారు, ఏమేం వాయిస్తారు?" అని అడిగి పేర్లతో సహా రాయించుకోండి. వాళ్ల పాత ప్రోగ్రాం వీడియో ఎడిటింగ్ లేకుండా, ఫోన్లో తీసింది ఒకటి పంపమనండి. అందులో పాట మధ్యలో గాయకుడు ఒక లైను తిరిగి అందుకుంటే వాయిద్యాలు కూడా ఆగి అందుకున్నాయా చూడండి. అందుకుంటే అది లైవ్.

ముహూర్తాల రద్దీలో ఒకే బృందం ఒకే రోజు రెండుచోట్ల ఒప్పుకుని మనుషుల్ని పంచేస్తుంది. మాఘంలో అరసవల్లి రథసప్తమి, విజయనగరంలో దసరా తర్వాత పైడితల్లి సిరిమానోత్సవం, ఊళ్ల జాతరలు వచ్చే రోజుల్లో మంచి కళాకారులు దొరకడం కష్టం. ఆ రోజుల దగ్గర్లో మీ తేదీ ఉంటే రెండు మూడు నెలల ముందే మాట్లాడండి. లీడ్ సింగర్ రాలేకపోతే ఎవరొస్తారో, ఎంత తగ్గిస్తారో అప్పుడే తేల్చుకోండి.

సౌండ్ ఎవరిదో అడగండి. పూర్తి బృందానికి గాయకుల మైకులు 4, యాంకర్ మైకు 1, కీబోర్డుకి 2, ప్యాడ్స్‌కి 2, గిటార్లకి 2, తబలాకి 2, డోలక్‌కి 1, మొత్తం 14 లైన్లు కావాలి. అంటే 16 ఛానళ్ల మిక్సర్ ఉండాలి, గాయకులకి తమ గొంతు వినపడటానికి కనీసం రెండు మానిటర్లు ఉండాలి. మండపం వాళ్ల దగ్గరుండే 6 ఛానళ్ల మైక్ సెట్‌తో సర్దుకుపోదాం అంటే గాయకులు శ్రుతి తప్పుతారు. స్టేజీ 24 అడుగులు బై 16 అడుగులు ఉంటే ఎనిమిది, పదిమందికి సరిపోతుంది. డీజేకి 8 బై 6 చాలు.

విశాఖ నుంచి వచ్చే బృందమైతే ప్రయాణం లెక్కపెట్టండి. విజయనగరానికి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళానికి సుమారు 110. పలాస, ఇచ్ఛాపురం దాకా అయితే వ్యానుకి నాలుగు గంటలు కేటాయించుకోమనండి. ఏ ఊరైనా సామాను మధ్యాహ్నం మూడున్నరకల్లా దిగాలి.

ఇక నిర్ణయం

ఆరుబయట, ఇంటి ముందు, వినేవాళ్లు ఎక్కువ, ఆడేవాళ్లు తక్కువ: చిన్న ఆర్కెస్ట్రా. డీజే అక్కర్లేదు. చివరి ముప్పావు గంట ఊపున్న జానపదాలు పాడించండి, ఉత్తరాంధ్ర పాటలకి కదలని కాలు ఉండదు.

మూసిన ఏసీ హాలు, స్నేహితులు ఎక్కువ, మర్నాటి రిసెప్షన్: డీజే, విడిగా మంచి యాంకర్.

600 దాటిన జనం, అన్ని వయసులవాళ్లు: ఏడున్నర నుంచి తొమ్మిదింపావు వరకు చిన్న బృందం, ఆ తర్వాత పది వరకు డీజే. మా దృష్టిలో ఈ రెండు జిల్లాల్లో ఎక్కువ పెళ్లిళ్లకి సరిపోయే పద్ధతి ఇదే. ఖర్చు పెరగకుండా ఉండాలంటే సౌండ్ ఒక్కరిదే ఉండాలి. డీజే తన ల్యాప్‌టాప్, కంట్రోలర్ తెచ్చుకుని అదే మిక్సర్‌లో కలుపుకుంటాడు. రెండు సెట్ల బాక్సులు తెచ్చి రెండు పక్కలా పెడితే డబ్బూ రెట్టింపే, తగువూ రెట్టింపే.

జనం తక్కువ, వినే చెవి ఉన్నవాళ్లు ఎక్కువ అయితే ఈ రెండూ మాని వీణ, వయొలిన్, వేణువు, తబలాలతో ఒక గంటన్నర కచేరీ పెట్టండి. 1919లో సంగీత కళాశాల మొదలై, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు పాఠం చెప్పిన విజయనగరంలో, బొబ్బిలి వీణలు తయారయ్యే గొల్లపల్లి ఉన్న నేలమీద, వాయిద్యకారుల కోసం దూరం వెతకనక్కర్లేదు. దానికి నాలుగు మైకులు, రెండు బాక్సులు చాలు. వధూవరులు లోపలికి వచ్చేటప్పుడు సన్నాయి మేళమో, ఆరుబయట అయితే తప్పెటగుళ్ల బృందమో పెట్టుకోవచ్చు. ఛాతీకి కట్టుకున్న రేకు తప్పెట, కాళ్ల గజ్జెలతో ఎగిరి ఆడేవాళ్లకి ఇరవై అడుగుల ఖాళీ నేల కావాలి, కరెంటు అక్కర్లేదు. పావుగంట చాలు, రద్దీ మొదలవకముందే అయిపోవాలి.

కరెంటు

సౌండ్‌కి 4 కిలోవాట్లు, లైట్లకి 3, ఎల్ఈడీ తెరకి 3 అనుకుంటే మొత్తం 10. జనరేటర్ సామర్థ్యాన్ని చెప్పే కేవీఏ అంకెని 0.8తో గుణిస్తే వచ్చేదే వాడుకోదగ్గ కిలోవాట్లు, అంటే 12.5 కేవీఏ సరిగ్గా సరిపోతుంది. నిండుగా నడపకూడదు కాబట్టి 15 కేవీఏ జనరేటర్ మాట్లాడండి. వంట దగ్గరి హీటర్లు, కూలర్లు దీని మీద వెయ్యొద్దు. ఇంటి ముందు పెళ్లయితే విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ దగ్గర తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. స్తంభం మీద కొక్కెం వేస్తే ప్రమాదం, కేసు కూడా.

సౌండ్‌ని మొదటినుంచీ చివరిదాకా జనరేటర్ మీదే నడపడం మంచిది. లైన్ పోయి జనరేటర్ అందుకునే అరనిమిషంలో డిజిటల్ మిక్సర్ ఆగిపోతుంది, మళ్లీ లేవడానికి ఇంకో నిమిషమో రెండో పడుతుంది. మిక్సర్‌కి, ల్యాప్‌టాప్‌కి ఒక యూపీఎస్ పెడితే ఆ బాధ ఉండదు. త్రీఫేజ్ లైన్లో న్యూట్రల్ వదులైతే 230 ఉండాల్సిన వోల్టేజ్ 400 దాకా ఎగబాకి ఆంప్లిఫయర్లు, తెరలు ఒక్కసారే కాలిపోతాయి. సామాను ప్లగ్ పెట్టకముందే ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్ బిగువు, ఎర్త్ చూపించండి, మీటరుతో ప్రతి ప్లగ్‌లో వోల్టేజ్ చదివించండి. బాక్సుల్లో "గూం" అని ఆగకుండా వస్తుంటే ఎర్తింగ్ సరిగా లేదనో, లైట్ల డిమ్మర్లు సౌండ్ ఫేజ్ మీదే ఉన్నాయనో అర్థం. లైట్లని వేరే ఫేజ్‌కి మార్పించండి.

బాక్సులు ఎక్కడ పెట్టాలి

డబ్బు లేకుండా బాగుపడేది ఇదొక్కటే, అందరూ వదిలేసేదీ ఇదే. స్టేజీకి రెండు పక్కలా నేలమీద బాక్సులు పెట్టి, వాటి ముందే మొదటి వరసలో తాతగార్లకి సోఫాలు వేస్తారు. ఆ వరసకి హోరు, చివరి వరసకి ఏమీ వినపడదు, కాబట్టి వాల్యూమ్ ఇంకా పెంచుతారు. టాప్స్‌ని కూర్చున్నవాళ్ల తలకన్నా ఎత్తులో, ఏడు అడుగుల స్టాండు మీద పెట్టి కొంచెం కిందికి వంచితే శబ్దం వెనకదాకా సమంగా వెళ్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే ఒకేచోట నాలుగు బాక్సుల హోరు కంటే రెండుచోట్ల రెండేసి మెత్తగా మోగడం నయం.

భోజనాల దగ్గర వేరే చిన్న బాక్సులు పెడితే వాటికి డిలే పెట్టించండి. శబ్దం ఒక మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ముప్పై మీటర్ల దూరంలోని బాక్సుకి 90 మిల్లీసెకన్లు ఆలస్యం పెట్టకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. సౌండ్ అబ్బాయికి ఇది రెండు నిమిషాల పని, అడిగేవాళ్లు లేక వదిలేస్తారు.

మైకు ఎప్పుడూ బాక్సుకి వెనకాలే ఉండాలి. యాంకర్ జనంలోకి నడిచి బాక్సు ముందుకి రాగానే కూత వస్తుంది. ఎక్కడిదాకా రావచ్చో నేలమీద టేపుతో గీత గీయించండి. కార్డ్‌లెస్ మైకులు యాంకర్‌వి, ఆర్కెస్ట్రావి, పురోహితులవి ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే ఒకరి మాట ఇంకొకరి దాంట్లో వస్తుంది. పక్క ఫంక్షన్ హాలు మంత్రాలు మన బాక్సుల్లో వినిపించడం కూడా ఇందువల్లే. అన్నీ ఒకేసారి ఆన్ చేసి చూడండి, కొత్త బ్యాటరీలు, వైరున్న మైకు ఒకటి సిద్ధంగా ఉంచండి.

శబ్దం ఎంత ఉండాలో చెవితోనే తెలుస్తుంది. భోజనాల బల్ల దగ్గర ఎదురుగా ఉన్నవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడగలగాలి. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే అది 85 డెసిబెల్స్ దరిదాపు. దాన్ని ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. చంటిపిల్లల్ని డాన్స్ ఫ్లోర్ దగ్గరకి తీసుకురావద్దు.

డాన్స్ ఫ్లోర్‌కి 50 మందికి 15 బై 15 అడుగులు చాలు. మట్టినేల మీద కార్పెట్ వేస్తే ముడతలు పడి చీర కుచ్చిళ్లు, లంగాలు తట్టుకుంటాయి. చెక్క పలకలు మేలు. నడకదారికి అడ్డంగా వైరు పోతే పైనుంచి తీయించండి, కుదరకపోతే రబ్బరు కవరు వేయించండి.

పాటల చీటీ

వందపాటల జాబితా ఇవ్వొద్దు. మూడు చిన్న చీటీలు ఇవ్వండి: తప్పక కావలసినవి పదిహేను, వద్దే వద్దనేవి ఐదారు, ఎప్పుడు ఏది రావాలో ఒకటి. వధూవరుల ప్రవేశానికి పాట, అందులో ఏ చోటు నుంచి మొదలవ్వాలో నిమిషం, సెకనుతో రాయండి. ఆర్కెస్ట్రాకి ఈ చీటీ మూడు వారాల ముందే చేరాలి, కొత్త పాట నేర్చుకోవడానికి వాళ్లకి సమయం కావాలి. డీజేకి మూడు రోజులు చాలు. స్టేజీ దగ్గరకి వచ్చి ఎవరు పాట అడిగినా మీరు పెట్టిన ఒక మనిషి ఒప్పుకుంటేనే వెయ్యాలని చెప్పండి. ఆ మనిషి పెళ్లికొడుకు తమ్ముడు కాకుండా, కాస్త నిదానం ఉన్న బావగారైతే మంచిది.

బయానా, కాగితం

ధర అడిగేటప్పుడు మనుషులకి ఎంత, సౌండ్‌కి ఎంత, లైట్లకి ఎంత, వ్యాన్‌కి ఎంత అని విడదీసి చెప్పమనండి. ఇద్దరు ముగ్గురి లెక్కలు పక్కపక్కన పెడితే ఎవరు దేన్ని దాచారో కనిపిస్తుంది. బయానా మొత్తంలో పావువంతు నుంచి మూడోవంతు లోపు ఉంచండి. సౌండ్ చెక్ అయ్యాక ఇంకో సగం, ప్రోగ్రాం పూర్తయ్యాక మిగతాది. కాగితం మీద తేదీ, తెలుగు తిథి కాదు ఇంగ్లిష్ తేదీ, చేరే టైమ్, మొదలయ్యే టైమ్, 10కి ఆపడం, మనుషుల పేర్లు, బాక్సుల సంఖ్య, ఇంకా వాన వస్తే ఏం చేయాలో ఉండాలి. కార్తీక ముహూర్తాలు తుపాన్ల కాలంలోనే వస్తాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలో ఈ తీరాన్ని కొట్టాయి. వైశాఖ జ్యేష్ఠాల్లో సాయంత్రం ఈదురుగాలులకి బాక్సుల స్టాండ్లు, తెర ఫ్రేములు పడిపోతాయి. స్టాండ్ల కాళ్ల మీద ఇసుక బస్తాలు వేయించండి, టార్పాలిన్లు చేతికందే దూరంలో ఉంచండి.

ఆ రోజు

మూడున్నరకి సామాను దిగుతుంది. అయిదింటికి సౌండ్ చెక్. మొదట మిక్సర్ ఆన్ చేసి చివర ఆంప్లిఫయర్లు ఆన్ చేయాలి, ఆపేటప్పుడు దీనికి తలకిందులుగా. వరస తప్పితే "ఢబ్" మన్న ఒక్క దెబ్బకి బాక్సు కోన్ చిరగొచ్చు. గాయనిచేత పైస్థాయి చరణం ఒకటి పాడించి మీరు చివరి బల్ల దగ్గర నిలబడి వినండి. మాటలు తెలియకుండా గొంతు గుహలోంచి వస్తున్నట్టుంటే ఎకో ఎక్కువ పెట్టారు. "మాస్టారూ, ఎకో సగానికి తగ్గించండి" అని మొహమాటం లేకుండా చెప్పండి. మన దగ్గర సౌండ్ చెడగొట్టేది చాలాసార్లు ఆ ఎకోనే.

ఆరున్నరకి కళాకారులకి భోజనాలు పెట్టించండి, సౌండ్, లైట్ల వాళ్లతో కలిపి పది పన్నెండు విస్తళ్లు. పది దాటాక పెడదాం అనుకుంటే అప్పటికి వంటలు అయిపోతాయి. ఏడుంబావుకి మెత్తని వాయిద్యం, ఏడున్నరకి పాటలు. ముప్పావు గంట పాడాక పావుగంట విరామం, ఆ విరామంలో చదివింపులు, ప్రకటనలు. తొమ్మిదింపావుకి డీజే అందుకుంటాడు, ఖాళీ లేకుండా ఆఖరి పాట మీదే కలుపుకోమనండి. తొమ్మిది యాభైకి యాంకర్ ఆఖరి రెండు పాటలని చెప్పాలి. పదికి సౌండ్ ఆగాలి, అప్పుడు పోలీసులు వచ్చి ఆపే అవసరం రాదు.

సామాను వ్యాన్ ఎక్కేదాకా జనరేటర్ ఆపించొద్దు. చీకట్లో వైర్లు చుట్టేటప్పుడే కాళ్లు తట్టుకుని పడతారు, స్టేజీ మెట్ల మీద దెబ్బలు తగులుతాయి. మిగిలిన డబ్బు వ్యాన్ తలుపు వేసేముందు బృందం పెద్దకి ఇచ్చి, కాగితం మీద సంతకం తీసుకోండి.